పదిహేనుకి పద్నాలుగు

నూకరత్నం భర్త నా గదిలోకి వస్తూనే సంచిలోంచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పెట్టారు. ఆవిడ తలకి తీయించిన సీటీ స్కాన్ రిపోర్టు. నలగకుండా లామినేషన్ కూడా చేయించారు. "నార్మల్ అని రాసిచ్చారు మేడమ్. పదిహేనుకి పద్నాలుగు మార్కులు వచ్చాయంట. మరి మనిషి చూస్తే ఇలాగుంది" అన్నారు. పక్కన కూర్చున్న ఆవిడ కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తోంది. తన గురించే మాట్లాడుకుంటున్నామన్న ధ్యాస ఉన్నట్టు లేదు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. తలదెబ్బ తగిలినవాళ్ళకి, పక్షవాతం వచ్చినవాళ్ళకి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ప్రవర్తన ఎలా ఉన్నాయో పరీక్షించి, మళ్ళీ రోజువారీ పనుల్లో పడేలా తర్ఫీదు ఇవ్వడం నా పని. మందులు నేను రాయను. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. పేరు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. దాన్ని మాత్రం మార్చలేదు.

ఆవిడకి నలభై మూడేళ్ళు, పదో తరగతి చదివింది. విశాఖపట్నం కంచరపాలెంలో ఇంటి ముందు గదిలో తొమ్మిదేళ్ళుగా కర్రీ పాయింట్ నడుపుతోంది. రోజుకి పదకొండు రకాలు. నాలుగున్నరకి లేచి, మూడు పొయ్యిలు ఒకేసారి వెలిగించి, పదకొండు గంటలకల్లా అన్నీ గిన్నెల్లోకి ఎత్తేసేది. చీటీ రాసుకునే అలవాటు ఏనాడూ లేదు. ఏ కూర ఎంత ఉడికిందో మూత తీయకుండానే చెప్పేదట. భర్త షీలానగర్ దగ్గర ఒక గోడౌన్లో లోడింగ్ సూపర్‌వైజరు. ఒక్కడే కొడుకు, పాలిటెక్నిక్ రెండో ఏడాది.

ఆ రాత్రి

ఆగస్టు నెల. గోపాలపట్నంలో ఆడపడుచు ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి వెళ్ళి, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో బండి మీద తిరిగి వస్తున్నారు. ఆయనకి హెల్మెట్ ఉంది. వెనక ఒక పక్కకి కూర్చున్న ఆవిడకి లేదు. ఒళ్ళో వాయినం సంచి. వాన పడి వెలిసింది. దారిలో రంగు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకర్ ఒకటి ఆయనకి కనబడలేదు. బండి ఎగిరింది, ఆవిడ వెనక్కి పడింది, తల వెనక భాగం రోడ్డుకి కొట్టుకుంది. బండి ముప్ఫై కూడా దాటలేదని ఆయన ఇప్పటికీ చెబుతారు. నిజమే అయ్యుంటుంది. సీటు ఎత్తు నుంచి వెల్లకిలా పడితే తలకి గట్టి దెబ్బ తగలడానికి బండి వేగంతో పెద్ద పని లేదు.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ ఉండాలి. ఎన్ఏడీ జంక్షన్లో ఐదు నిమిషాలు నిలబడి చూడండి, ఎంతమందికి ఉంటుందో. నా దగ్గరికి తలదెబ్బతో వచ్చే ఆడవాళ్ళలో ఎక్కువమంది ఇలా వెనక సీటు నుంచి జారినవాళ్ళే.

దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డిశ్చార్జ్ కాగితం ప్రకారం ఒకసారి వాంతి అయింది, ఫిట్స్ రాలేదు. సీటీలో రక్తస్రావం లేదు, ఎముక విరగలేదు, తల వెనక చర్మం కింద వాపు మాత్రం ఉంది. జీసీఎస్ 14. మైల్డ్ హెడ్ ఇంజురీ అని రాసి, ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటామ్ 500 రోజుకి రెండు మాత్రలు ఇచ్చి, మూడో రోజు సాయంత్రం పంపించేశారు.

ఈ జీసీఎస్ గురించి కాస్త చెప్పాలి. గ్లాస్గో కోమా స్కేల్ అని, 1974లో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు తయారుచేసిన కొలత. కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, కాళ్ళూ చేతుల కదలికకి 6, మొత్తం 15. తక్కువలో తక్కువ 3. అంటే ఏ కదలికా లేని మనిషికీ మూడు వస్తాయి. మనవాళ్ళకి మార్కులంటే స్కూలు మార్కులే కాబట్టి పదిహేనుకి పద్నాలుగంటే డిస్టింక్షన్ కింద లెక్క. ఆ పోయిన ఒక్క మార్కు ఎక్కడ పోయిందని ఎవరూ అడగలేదు. అది మాటలో పోయింది. "ఎక్కడున్నావమ్మా" అంటే "వదిన ఇంట్లో" అందట. ఏ నెల అంటే సంక్రాంతి అందట. మెలకువగానే ఉంది, మాట్లాడుతోంది, కానీ ఎక్కడ ఉందో ఏ రోజున ఉందో తెలియడం లేదు. ఆ అయోమయం ఎంతసేపు సాగిందన్నది తలదెబ్బ గట్టిదనాన్ని చెప్పే మంచి కొలతల్లో ఒకటి. డిశ్చార్జ్ కాగితంలో అది లేదు. మొదటి రోజు నేనూ అడగలేదు.

నా తప్పు

వాళ్ళు నా దగ్గరికి వచ్చింది డిసెంబరు మొదటి వారంలో, దెబ్బ తగిలిన మూడు నెలలు దాటాక. చెప్పిందంతా భర్తే చెప్పారు. కూరలు మాడిపోతున్నాయి. ఒకరోజు పప్పు ఉప్పు కషాయం, ఇంకో రోజు చప్పిడి. ఏళ్ళ తరబడి తీసుకెళ్ళేవాళ్ళు కూడా మానేస్తే అక్టోబరు చివర్లో కర్రీ పాయింట్ మూసేశారు. చిన్నదానికే అరుస్తోంది. ఒకరోజు కొడుకు మీదకి గరిటె విసిరింది, గంట తిరక్కుండా ఏమీ జరగనట్టు వాడికి అన్నం పెట్టింది. ఎవరైనా చెబితేగాని స్నానం చేయదు. ఏటా మార్గశిర లక్ష్మివారాలు తెల్లారకముందే బురుజుపేట వెళ్ళి కనకమహాలక్ష్మి అమ్మవారికి పసుపు కుంకుమ ఇచ్చి వచ్చే మనిషి, ఈసారి మొదటి లక్ష్మివారం "ఇప్పుడేటి, ఒగ్గేయండి" అని దుప్పటి ముసుగు పెట్టింది. కూరలు మాడటం కన్నా, గరిటె కన్నా, ఇంట్లోవాళ్ళకి దీనికే ఎక్కువ భయం వేసింది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. తాయెత్తు తీసేయమని నేను ఎవరికీ చెప్పను. దానివల్ల మాత్రలు మానేస్తే అప్పుడు గొడవ పెట్టుకుంటాను.

ఆవిణ్ణి అడిగాను. "నాకేటయింది? ఏటీ అవలేదు. ఈలే నన్ను ఊరికే డాక్టర్ల సుట్టూ తిప్పుతన్నారు" అంది. కోపంగా కూడా అనలేదు.

జ్ఞాపకశక్తి, ఏకాగ్రత లాంటివి క్లుప్తంగా చూసే మోకా అనే పరీక్ష తెలుగులో పెట్టాను. ముప్ఫైకి ఇరవై ఆరు. సరిగ్గా నార్మల్ గీత మీద పడింది. నిద్ర సరిగ్గా లేదు, దేనిమీదా ఆసక్తి లేదు, చిరాకు, వ్యాపారం పోయింది, సీటీ నార్మల్. ప్రమాదం తర్వాత వచ్చిన డిప్రెషన్ అనుకున్నాను. సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే ఆయనా నా లెటర్ చదివి అదే అనుకుని మందు మొదలుపెట్టారు. నేను వారానికోసారి కూర్చోబెట్టి రోజుకి ఒక ఇష్టమైన పని చొప్పున చార్టు రాసిచ్చాను. ఆరు వారాలైనా చార్టు ఖాళీగానే వచ్చేది. ఎందుకు చేయలేదంటే "మర్సిపోనాను" అని నవ్వేది.

అసలు సంగతి ఆ నవ్వులోనే ఉందని అప్పుడు నాకు తట్టలేదు. డిప్రెషన్లో ఉన్న మనిషి సాధారణంగా తనకి బాగోలేదని చెప్పుకుంటుంది, ఇంట్లోవాళ్ళే "ఏమీ లేదు, ఊరికే ఆలోచిస్తోంది" అంటారు. ఇక్కడ అది తిరగబడింది. దిగులుందా అంటే లేదంటుంది, ఏడుపు రాదు, తప్పు చేశానన్న బాధ లేదు. పని మొదలుపెట్టడానికి కావలసిన ఊపు లేదు, అంతే. దిగులు వేరు, ఊపు లేకపోవడం వేరు. విద్యార్థులకి ఈ తేడా ఏటా నేనే పాఠం చెబుతాను.

కనుమ మర్నాడు కొడుకు ఫోన్ చేశాడు. కాలేజీ సెలవులు, బయటనుంచి వస్తుంటే వీధి గుమ్మం దగ్గరే గుప్పుమని గ్యాస్ వాసన. పరిగెత్తి లోపలికి వెళితే పొయ్యి నాబ్ తిప్పి ఉంది, మంట లేదు, వాళ్ళమ్మ పొయ్యికి రెండడుగుల దూరంలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

ఈ ఊళ్ళో, అందులోనూ ఆ ఇంట్లో, గ్యాస్ వాసనంటే మామూలు విషయం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ అనే విషవాయువు లీకై పన్నెండు మంది చనిపోయినప్పుడు, గోపాలపట్నం నుంచి ఆడపడుచు కుటుంబం కట్టుబట్టలతో వీళ్ళింటికే వచ్చింది. అప్పటినుంచి ఎక్కడ కాస్త తేడా వాసన వచ్చినా అందరికన్నా ముందు వీధిలోకి వెళ్ళి నిలబడేది నూకరత్నమేనట. అలాంటి మనిషి ఆ వాసన మధ్యలో చిక్కుడుకాయలు తుంచుతోంది. వంటగ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలనే మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన రసాయనాన్ని కలుపుతారు. ఆ ఘాటు కూడా ఆవిడకి అందలేదు.

ఇంగువ, అమృతాంజన్

మర్నాడే రమ్మన్నాను. నాలుగు చిన్న డబ్బాల్లో కాఫీ పొడి, ఇంగువ, నలిపిన కరివేపాకు, యాలకులు పెట్టాను. కళ్ళు మూసుకోమని, ఒక ముక్కు రంధ్రం మూసి, రెండోదాని కింద డబ్బా పెట్టాను. కాఫీకి తల అడ్డంగా ఊపింది. కరివేపాకు, యాలకులు కూడా అంతే. ఇంగువ డబ్బా మూత తీస్తే గది అంతా నిండిపోయింది, గుమ్మం దగ్గర కూర్చున్న భర్త ముక్కు చిట్లించారు. ఆవిడ "ఖాళీ డబ్బా పెట్టీసేరా మేడమ్?" అంది. కళ్ళు తెరిచి చూడమన్నాను. డబ్బాని చూసింది, ముక్కుకి ఆనించుకుంది, మళ్ళీ చూసింది. "ఇంగువే" అంది, నెమ్మదిగా. ఆరు వారాల్లో ఆ ముఖంలో మొదటిసారి భయం చూశాను.

భర్త ఒప్పుకోలేదు. జేబులోంచి అమృతాంజన్ సీసా తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టారు. ఆవిడ తల వెనక్కి లాక్కుంది. "ఘాటు!" అంది. "చూశారా మేడమ్, తెలుస్తోంది కదా" అన్నారు. ఇదొక పాత పొరపాటు. డాక్టర్లు కూడా చేస్తారు. అమృతాంజన్, కర్పూరం, అమ్మోనియా లాంటివి వాసన నాడితో పాటు, ముఖానికి స్పర్శ ఇచ్చే ట్రైజెమినల్ నాడిని కూడా తాకుతాయి. ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండేది దానివల్లే. ఆ నాడి బాగుంటే ఘాటు తెలుస్తుంది, మంట తెలుస్తుంది. వాసన మాత్రం తెలియదు. అందుకే వాసన పరీక్షకి ఘాటు వస్తువులు పనికిరావు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 1984లో తయారైన పేరున్న పరీక్ష ఒకటుంది, గీకి వాసన చూసే నలభై కాగితాలు. అందులో గుమ్మడికాయ పై లాంటి వాసనలుంటాయి. మా పేషెంట్లకి అవి ముక్కు బాగున్నా తెలియవు. కంచరపాలెంలో ఇంగువే దిక్కు.

వాసన పోయిన సంగతి చాలామందికి వెంటనే తెలియదు. రుచి పోయిందంటారు, లేదా ఏదీ సహించడం లేదంటారు. నాలుకకి ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తూనే ఉంటాయి. కానీ మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం గొంతు వెనకనుంచి ముక్కుకి చేరే వాసనే. అది పోతే సాంబారూ రసమూ ఒకటే, పులుపూ ఉప్పూ ఉన్న వేడి నీళ్ళు. ఆవిడ కూర రుచి చూసి, ఏదో తక్కువైందని ఉప్పు వేసేది. ఇంకా తక్కువగానే ఉంటే మళ్ళీ వేసేది. మూత తీయకుండా ఉడుకు చెప్పే విద్య కూడా ముక్కుదే. అది పోయాక కూర మాడిన సంగతి పొగ కంటికి కనబడితేగాని తెలిసేది కాదు.

ఆ రోజే, ఎన్నో వారాల కిందట అడగాల్సిన ప్రశ్న అడిగాను. "పడిన తర్వాత వరసగా గుర్తున్న మొదటి సంగతి ఏమిటి?" ఎప్పుడు స్పృహ వచ్చిందని అడిగితే తప్పు జవాబు వస్తుంది. ఎవరో ఇంట్లోవాళ్ళు చెప్పింది తనకే గుర్తున్నట్టు చెప్పేస్తారు. వరసగా అన్న మాట ముఖ్యం. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఆస్పత్రిలో కొడుకు చెంచాతో ఉప్మా పెట్టడం అంది. అది మూడో రోజు పొద్దున్న. భర్త ఆశ్చర్యపోయారు. "అంతకుముందు రోజంతా అందరితో మాట్లాడింది కదా, వదినతో ఫోన్లో వాయినం సంచి ఏమైందని కూడా అడిగింది" అన్నారు. మాట్లాడింది, మెదడు దాన్ని దాచుకోలేదు. లెక్కేస్తే దాదాపు ముప్ఫై ఐదు గంటలు. ఈ మరుపు ఒక రోజు దాటితే దాన్ని మైల్డ్ అనడానికి వీల్లేదు. జీసీఎస్ పద్నాలుగైనా సరే, సీటీ ఎంత శుభ్రంగా ఉన్నా సరే.

జున్ను

దెబ్బ తల వెనక తగిలితే ముక్కుకి ఏమవుతుంది? భర్త అడిగిన ఈ ప్రశ్న మంచి ప్రశ్న. బొమ్మలు గీసి చెబితే లాభం లేదని, వచ్చే వారం వచ్చేటప్పుడు స్టీలు డబ్బాలో జున్ను తీసుకురమ్మన్నాను. తోడుకున్న జున్ను పట్టుకుంటే ఎంత మెత్తగా ఉంటుందో బతికున్న మెదడూ దాదాపు అంతే మెత్తన. ఆస్పత్రి మ్యూజియం సీసాల్లో ఫార్మలిన్ పోసి పెట్టిన మెదడు రబ్బరులా గట్టిగా ఉంటుంది, అది చూసి మోసపోకూడదు. సుమారు కిలో మూడొందల గ్రాముల జున్ను, నీళ్ళలో తేలుతూ, ఎముక డబ్బాలో ఉందనుకోండి.

డబ్బాని నేరుగా ముందుకీ వెనక్కీ జరిపాను, జున్ను పెద్దగా కదల్లేదు. చటుక్కున ఒక పక్కకి తిప్పి ఆపాను. మూత తీసి చూస్తే డబ్బా గోడ దగ్గర బాగానే ఉంది, లోపల అడ్డంగా చీలికలు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త 1943లో దాదాపు ఇదే చెప్పాడు. కపాలం ఆకారంలో జెలటిన్ పోసి, దెబ్బకన్నా తల తిరిగే తిరుగుడే మెదడు లోపల ఎక్కువ చీలుస్తుందని చూపించాడు. 1956లో సబీనా స్ట్రిచ్ అనే వైద్యురాలు, తలదెబ్బ తర్వాత తేరుకోకుండా చాలాకాలం బతికి చనిపోయినవాళ్ళ మెదళ్ళు కోసి చూసింది. పైన పెద్దగా ఏమీ లేదు. లోపలి తెల్ల పదార్థం, అంటే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్ళే తంతువులు, విస్తారంగా చచ్చిపోయి ఉన్నాయి. ఆ తంతువులు వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నం. అవి చాలావరకు దెబ్బ తగిలిన క్షణంలో తెగవు కూడా. సాగి, లోపలి రవాణా ఆగిపోయి, గంటల తరబడి ఉబ్బి, ఆ తర్వాత తెగుతాయి. దెబ్బ తగిలిన గంటలో తీసిన సీటీలో ఇదంతా కనబడాలని అనుకోవడమే తప్పు. సీటీ తీసేది ఆపరేషన్ చేయాల్సిన రక్తం గడ్డ ఉందా అని చూడటానికి. ఆ పని అది బాగానే చేసింది. నార్మల్ అంటే ఆ రాత్రి తల తెరవక్కర్లేదని అర్థం. ఆ మాటని మూడు నెలల తర్వాత వంటింటికి అన్వయించడం మా అందరి పొరపాటు.

ఇక ముక్కు సంగతి. వాసన నాడి పోగులు ముక్కు పైన జల్లెడలా చిల్లులున్న ఒక పల్చని ఎముకలోంచి పైకి వెళతాయి. తల వెనక్కి కొట్టుకుంటే మెదడు కదిలి ఆ పోగుల్ని జల్లెడ దగ్గర తెంపేస్తుంది. అందుకే నుదుటి దెబ్బకన్నా వెనక దెబ్బకే వాసన ఎక్కువగా పోతుంది. ఆ జల్లెడకి ఆనుకుని పైన కూర్చుని ఉండేది ముందు మెదడు అడుగు భాగం. దాని కింద ఎముక నున్నగా ఉండదు, గరుకుగా, మిట్టలు మిట్టలుగా ఉంటుంది. మెదడు దానిమీద రాసుకుపోతుంది. కోపాన్ని ఆపుకోవడం, ఎదుటివాళ్ళ ముఖం చూసి మాట వెనక్కి తీసుకోవడం, పని మొదలెట్టి వరసలో నడిపించడం, వీటన్నిటికీ ఆ ప్రాంతం కావాలి. వాసన పోయిందంటే దాని పై అంతస్తులో కూడా ఏదో జరిగిందేమో చూడమని. గరిటె విసరడానికీ ఇంగువ తెలియకపోవడానికీ ఒకే ఇంటి అడ్రసు.

రెండు పేజీల లెటర్ రాసి న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను. ఆయన తీయించిన ఎమ్మారైలో, పాత రక్తపు మరకల్ని పట్టిచ్చే ఎస్‌డబ్ల్యూఐ అనే పద్ధతిలో, ముందు మెదడులో ఐదారు నల్ల చుక్కలు కనబడ్డాయి. వాసన నాడి పక్కనే ఉండే మడతల్లో రెండు వైపులా మచ్చ. ఆయన ఇంకో పని కూడా చేశారు. లెవెటిరాసెటామ్‌ని క్రమంగా తగ్గించి ఆపేశారు. తలదెబ్బ తర్వాత ఫిట్స్ మాత్ర మొదటి వారంలో వచ్చే ఫిట్స్‌ని ఆపుతుందే తప్ప, తర్వాతెప్పుడో వచ్చేవాటిని ఆపదని ఫెనిటోయిన్ అనే ఫిట్స్ మందు మీద 1990లోనే పెద్ద అధ్యయనం వచ్చింది. అయినా ఆపమని రాయడం మర్చిపోతారు, పేషెంటు నెలల తరబడి కొనుక్కుంటూనే ఉంటుంది. పైగా లెవెటిరాసెటామ్‌కి చిరాకు, కోపం తెప్పించే గుణం కొందరిలో బాగా ఉంటుంది. మాత్ర ఆగిన మూడు వారాలకి అరుపులు సగానికి తగ్గాయని కొడుకు చెప్పాడు. (ఇది చదివి ఎవరూ సొంతంగా ఫిట్స్ మాత్రలు ఆపకండి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు.) డిప్రెషన్ మందుని కూడా సైకియాట్రిస్టు తగ్గించి ఆపేశారు.

ఎమ్మారై ఫిల్ము చూపించి చెప్పిన రోజు భర్త చాలాసేపు మాట్లాడలేదు. "అయితే నా వల్లేనా మేడమ్" అన్నారు చివరికి. ఆ లామినేషన్ ఎందుకు చేయించారో అప్పుడు అర్థమైంది. స్పీడ్ బ్రేకర్‌కి రంగు వెయ్యనివాళ్ళ వల్ల కూడా అన్నాను. అంతకన్నా మంచి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

రైతుబజారు

పూర్తి పరీక్షలు పెట్టాను. పదాల జాబితా గుర్తుంచుకోవడంలో కాస్త తక్కువ, వేగంలో తక్కువ, మిగతావి ఆవిడ చదువుకి తగ్గట్టే ఉన్నాయి. నిశ్శబ్దంగా ఉన్న గది, ఎదురుగా నేను, ఒకసారికి ఒకే పని, ఎప్పుడు మొదలెట్టాలో ఎప్పుడు ఆపాలో నేనే చెబుతాను. అంటే ఆవిడ ముందు మెదడు చేయాల్సిన పని నేను చేసిపెడుతున్నానన్నమాట. 1991లో షాలిస్, బర్జెస్ అనే ఇద్దరు ఇదే ఇబ్బంది పడ్డారు. తలదెబ్బ తగిలిన ముగ్గురు పేషెంట్లు తెలివితేటల పరీక్షల్లో చక్కగా చేస్తున్నారు, బతుకు మాత్రం చెల్లాచెదురుగా ఉంది. దాంతో వాళ్ళు పేషెంట్లని బజారుకి తీసుకెళ్ళి, కొన్ని పనులు, కొన్ని నియమాలు ఇచ్చి వదిలారు. అక్కడ బయటపడింది.

మాకు కంచరపాలెం రైతుబజారు ఉంది. చీటీ మీద రాసిచ్చాను. వంకాయలు అరకిలో, పచ్చిమిర్చి పావు, కొత్తిమీర రెండు కట్టలు కొనాలి, బోర్డు మీద టమాటా ధర చూసి రాసుకురావాలి. ఒక దుకాణానికి రెండోసారి వెళ్ళకూడదు. నూట యాభై దాటకూడదు. పదింబావుకి గేటు దగ్గర నిలబడ్డ నా దగ్గరికి ఒకసారి వచ్చి వెళ్ళాలి. కొడుకు కాస్త దూరంగా వెనకే నడిచి చూసిందంతా రాసుకున్నాడు.

వంకాయల దగ్గర ఆవిణ్ణి చూడాలి. తొడిమ కింద వేలితో నొక్కి, పుచ్చు చిల్లి ఉన్నదాన్ని అమ్మేవాడి వైపుకే దొర్లించేసి, బేరం ఆడి, రెండు కాయలు కొసరు కూడా వేయించుకుంది. ఆ నిమిషంలో ఆవిడకి జబ్బుందంటే ఎవరూ నమ్మరు. పక్క దుకాణంలో లేత ఆనపకాయలు కనబడ్డాయి. చీటీలో లేవు. మూడు కొంది. సంచి బరువైందని వంకాయలవాడి దగ్గరికే తిరిగొచ్చి కవరు అడిగింది, పచ్చిమిర్చి కూడా అక్కడే తీసుకుంది. పది ఇరవైకి గేటు దగ్గర నా ముందునుంచే దాటి వెళ్ళి, నన్ను చూసి నవ్వి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. పది నలభైకి కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కొత్తిమీర లేదు, టమాటా ధర లేదు.

నియమాలేమిటో చెప్పమన్నాను. గడగడా చెప్పేసింది. "పదింబావుకి మీ దగ్గిరికి రావాల, ఒక కొట్టుకి రెండుసార్లు ఎల్లకూడదు." అన్నీ తెలుసు. తెలిసినది సరైన నిమిషానికి చేతిలోకి రావడం లేదు. ఇది మరుపు జబ్బు కాదు, మొండితనం కాదు. ఆ రోజు ఇంటికెళ్ళేదారిలో కొడుకు "అమ్మ కావాలని చేయట్లేదన్నమాట" అన్నాడు. నా పరీక్షలన్నిటికన్నా ఆ గంట ఆ ఇంటికి ఎక్కువ పనికొచ్చింది.

వంటిల్లు

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా వారానికొకసారి వాళ్ళింట్లోనే కలిశాం. ముందు గ్యాస్ లీకైతే కూతపెట్టే పరికరం ఒకటి పొయ్యి కింద, నేలకి దగ్గరగా పెట్టించాం. వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది, పైన గోడకి పెడితే దండగ. ఫ్రిజ్‌లో ప్రతి గిన్నె మీదా తేదీ. పాలు పాడయ్యాయో లేదో వాసన చూసి చెప్పడం ఇకనుంచి కొడుకు డ్యూటీ.

పదకొండు కూరల మాట పక్కనపెట్టి ఒక కూర, ఒక పొయ్యి నుంచి మొదలెట్టాం. ఉప్పు చేత్తో వేయడం బంద్. చిన్న తూకం కొని, కూర కిలోకి ఎన్ని గ్రాములో ఆడపడుచు రుచి చూసి తేల్చింది. నూకరత్నానికి ఇది చాలా అవమానంగా అనిపించింది. తొమ్మిదేళ్ళు చేత్తో వేసిన మనిషి. "కొలిసి వండితే అది ఆస్పత్రి కూర" అంది. నిజం చెప్పాలంటే నేనూ ఏమీ అనలేకపోయాను.

ఫోన్లో అలారం పెట్టడం నా ఆలోచన, అది తుస్సుమంది. అలారం మోగేది, ఆవిడ ఆపేది, ఎందుకు మోగిందో గుర్తుండేది కాదు. పైగా ఫోన్ చేతికి వస్తే వాట్సాప్‌లోకి వెళ్ళిపోయేది. కొడుకు ఒక చవక కిచెన్ టైమర్ కొని తాడు కట్టి మెడలో వేశాడు, దానిమీద తెల్ల టేపు అంటించి "పొయ్యి చూడు" అని రాశాడు. అది పనిచేసింది. ఎక్కడ ఉన్నా మెడలోనే మోగుతుంది, చేసేపని దానిమీదే రాసి ఉంటుంది.

కోపానికి ఇంట్లో ఒక మాట పెట్టుకున్నాం. ఆవిడ గొంతు పెరిగితే ఎదుటివాళ్ళు వాదించకుండా "మంచినీళ్ళు తెస్తాను" అని అక్కణ్ణించి లేచిపోవాలి. ఐదు నిమిషాల తర్వాత నిజంగానే నీళ్ళతో రావాలి. భర్తకి ఇది అలవాటవడానికే రెండు నెలలు పట్టింది.

ముందు మెదడు అనగానే అందరూ ఫినియస్ గేజ్ కథ చెబుతారు. 1848లో అమెరికాలో రైల్వే పనిలో ఇనుప గునపం ముందు మెదడులోంచి దూసుకుపోయినా బతికిన మనిషి, తర్వాత పూర్తిగా మారిపోయాడని. ఆ కథలో రెండో సగం ఎవరూ చెప్పరు. అతను తర్వాత చిలీ వెళ్ళి ఏళ్ళపాటు గుర్రబ్బండి సర్వీసు నడిపాడు. రోజూ అదే దారి, అదే వేళ, అవే గుర్రాలు. ఆ క్రమమే అతన్ని నిలబెట్టి ఉంటుందని కొందరి వాదన. నాకు నచ్చే వాదన. మెదడులో పోయిన వరసని బయట గోడమీద రాసిపెట్టుకోవచ్చు. నూకరత్నం వంటింట్లో ఇప్పుడు గోడమీద ఒక తెల్లబోర్డు ఉంది.

ముక్కుకి రోజుకి రెండుసార్లు నాలుగు వాసనలతో సాధన. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. జర్మనీలో హుమ్మెల్ బృందం 2009లో మొదలెట్టిన పద్ధతి. ఖర్చు లేదు, హాని లేదు. తలదెబ్బతో పోయిన వాసన చాలామందికి పూర్తిగా తిరిగి రాదని ముందే చెప్పాను. ఆవిడ చేస్తానంది. తెల్లబోర్డు మీద రాసి ఉంది కాబట్టి చేసింది.

జులై నుంచి

జులైలో కర్రీ పాయింట్ మళ్ళీ తెరిచారు. నాలుగు కూరలు, ఒక చారు. తాలింపుల దగ్గర ఆడపడుచు ఉంటుంది, రుచి ఆవిడే చూస్తుంది, లాభంలో వాటా తీసుకుంటుంది. పాత గిరాకీలో సగమే తిరిగొచ్చింది. పదకొండు కూరలు మళ్ళీ ఎప్పుడని నూకరత్నం ప్రతిసారీ అడుగుతుంది. ఒక్క ఆరు కూరల రోజు చేసి చూశాం, మధ్యాహ్నానికి ఆవిడ తల పట్టుకుని పడుకుంది, సాయంత్రం గొడవైంది. నాలుగే నయం. స్నానానికి ఇంకా ఎవరో ఒకరు చెప్పాలి. భర్త బండికి రెండో హెల్మెట్ తగిలించారు. లామినేషన్ రిపోర్టు గురించి నేను అడగలేదు, ఆయన తేలేదు.

ఆగస్టులో, పడి సరిగ్గా ఏడాది అయ్యేసరికి, ఆవిడే ఫోన్ చేసింది. అదే మొదటిసారి తనంతట తాను చేయడం. గొంతులో చిరాకు. "మేడమ్, పొద్దున్న కాఫీ గ్లాసు నోటికాడ పెట్టుకుంటే కాలిన రబ్బరు కంపు కొడతంది. లవంగం కూడా అలాగే. ఏటిదంతా, ఇంకా పాడైపోనానా?"

ఇంగువ చూశారా అని అడిగాను.

"అది ఇంకా ఖాళీ డబ్బాయే."

తెగిన పోగులు మళ్ళీ మొలిచేటప్పుడు తప్పు వైర్లు కలుస్తాయని, మొదట వచ్చే వాసనలు చాలాసార్లు ఇలా వికారంగానే ఉంటాయని చెప్పాను. ఆవిడకి నచ్చలేదు. కాఫీ మానేస్తానంది. మానొద్దని, రోజుకి రెండుసార్లు ఆ కంపే చూడమని చెప్పి, ఫైల్లో తేదీ వేసి "కాఫీ — కాలిన రబ్బరు, రెండు ముక్కులూ" అని రాసుకున్నాను.